మిగ్-21 మోడల్: ఏ ఫినిష్, ఏ పెయింట్, ఏ డీకాల్ ఎంచుకోవాలి

1963లో మన వాయుసేనలోకి వచ్చిన మిగ్-21 యుద్ధవిమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరైంది. అరవై ఏళ్లకు పైగా ఎగిరిన విమానం కాబట్టి ప్లాస్టిక్ మోడల్ కట్టేవాళ్లకి దాంట్లో దొరకని వేషం లేదు. మొదటి రోజుల మెరిసే లోహం, 1971 యుద్ధం హడావిడిలో దాని మీదే పూసేసిన కామఫ్లాజ్, చివర్లో బైసన్ల (ఆధునీకరించిన మిగ్-21 బిస్ రకం) బూడిద రంగు, అన్నీ ఒక్క విమానంలోనే ఉన్నాయి. వీటిలో ఏది కట్టాలో తేల్చుకోకుండానే చాలామంది "ఏ పెయింట్ మంచిది?" అని మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ ప్రశ్న చివర్లో రావాలి. ముందు ఫినిష్, అంటే పైకి కనిపించే రూపం, తేల్చుకోండి, ఆ ఫినిష్ మీద ఎలాంటి డీకాల్ (నీళ్లలో ముంచి అంటించే గుర్తు) బాగా కూర్చుంటుందో చూడండి, ఆ డీకాల్‌కి ఏ క్లియర్ కోట్ (రంగులేని పూత) కావాలో చూడండి, అప్పుడు పెయింట్ ఏది కొనాలో దానంతట అదే తేలిపోతుంది. ఈ వరసని తిరగేస్తే సగం సీసాలు షెల్ఫ్‌లోనే గట్టిపడిపోతాయి.

లోహమా, కామఫ్లాజా, బూడిద రంగా

వెండి రంగు మిగ్ చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ హౌస్ మీద దాడి చేసిన 28వ స్క్వాడ్రన్ విమానాలు మిగ్-21 ఎఫ్ఎల్ అనే పాత రకమే, మన హెచ్ఏఎల్ లైసెన్స్ మీద తయారుచేసిన టైప్ 77. చరిత్ర తెలిసినవాళ్లకి మొదట మనసు దాని మీదకే పోతుంది. కానీ మూడింటిలో కష్టమైనది కూడా ఇదే. లోహపు రంగు కింద ఏదీ దాగదు. రెండు సగాల ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) అతికించిన చోట వెన్ను మీదా పొట్ట కిందా సన్నని గీత మిగిలినా, వాటర్ పేపర్ గీకిన గుర్తు ఉన్నా, వేలిముద్ర పడినా, అన్నీ రెట్టింపై కనిపిస్తాయి. ఆ పైన డీకాల్ చుట్టూ ఉండే పారదర్శకమైన ఫిల్మ్ వెండి రంగు మీద కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించదు. ఇంకో సంగతి, అసలు విమానం క్రోమ్ పూత వేసినట్టు అద్దంలా ఉండేది కాదు. అల్యూమినియం మీద రక్షణ కోసం వార్నిష్ ఉండేది, ఒక్కో ప్యానెల్ ఒక్కో ఛాయలో ఉండేది, వెనక ఇంజిన్ దగ్గర వేడికి రంగు మారేది. అందుకని ఒకే డబ్బాలోంచి ఒకే వెండి రంగు కొడితే బొమ్మలా కనిపిస్తుంది.

కామఫ్లాజ్ తప్పుల్ని మన్నిస్తుంది. రెండు రంగులు కలిసే చోట కంటికి పని దొరుకుతుంది కాబట్టి చిన్న చిన్న లోపాల వైపు చూపు పోదు. 1971లో తొందరగా పూసిన కామఫ్లాజ్ అయితే మరీ మంచిది, అసలు విమానం మీదే పూత సమంగా లేదు, కాబట్టి బ్రష్‌తో వేసినా అతికినట్టు ఉంటుంది.

బైసన్ బూడిద రంగు వేయడం అన్నిటికంటే తేలిక, ఆకట్టుకునేలా చేయడం మాత్రం తేలిక కాదు. మొత్తం ఒకే రంగు కుటుంబం కాబట్టి ప్యానెల్ గీతల్లో వాష్ (గీతల్లోకి పారే పలచని ముదురు రంగు), అక్కడక్కడా పాలిపోయిన ఛాయ, వాడిన మరకలు, వీటన్నిటి మీదే మోడల్ నిలబడాలి. కానీ డీకాల్ ఫిల్మ్ లేత బూడిద రంగు మీద దాదాపు కనపడదు, అందుకే మొదటి జెట్ కడుతున్నవాళ్లకి నేను ఇదే చెబుతాను. 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపింది బైసనే కాబట్టి ఇంటికొచ్చినవాళ్లు కూడా గుర్తుపడతారు.

కిట్ కొనేముందు ఒక హెచ్చరిక: పెట్టె మీద మిగ్-21 అని ఉంటే సరిపోదు. ఎఫ్ఎల్ కానపీ (పైలట్ మీది అద్దపు మూత) ముందు వైపుకి తెరుచుకుంటుంది, తర్వాతి ఎం, బిస్ రకాలకి పక్కకి తెరుచుకుంటుంది. బైసన్‌కి ముందు అద్దం ఒకే ముక్క, మామూలు బిస్‌కి ఫ్రేములున్న అద్దం. తప్పు రకం మీద ఎంత మంచి పెయింట్ వేసినా తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. వెన్ను లావు కూడా రకాన్ని బట్టి మారుతుంది.

సైజు గురించి ఎక్కువ చెప్పను. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, అంటే 1/72 స్కేలులో (అసలు దానిలో 72వ వంతు) దాదాపు 10 సెంటీమీటర్లు, 1/48లో 15. బ్రష్‌తో చేస్తే 1/72, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) ఉంటే 1/48. లోహపు ఫినిష్‌కి మాత్రం 1/48 తీసుకోండి, ప్యానెల్ ప్యానెల్‌కి ఛాయ మార్చడానికి చోటు ఉంటుంది.

బ్రష్, స్ప్రే డబ్బా, ఎయిర్‌బ్రష్

ఎయిర్‌బ్రష్, ట్యాంక్ ఉన్న చిన్న కంప్రెసర్, 0.3 మిల్లీమీటర్ల నాజిల్. జెట్లు వరసగా కట్టాలనుకుంటే ఇది తప్పదు, ఎందుకంటే పెద్ద పెద్ద నున్నటి రెక్కల మీద పలచని సమమైన పొర ఇంకో దారిలో రాదు. ఒకటి రెండు కట్టి చూద్దాం అనుకుంటే బ్రష్ చాలు, కానీ పెయింట్ బ్రష్‌కి తగ్గది ఎంచుకోవాలి. స్ప్రే డబ్బాల్లో తమియా కంపెనీవి బాగుంటాయి, సన్నగా పడతాయి, అయితే కామఫ్లాజ్‌కి పనికిరావు. బండ్ల విడిభాగాల షాపులో దొరికే డబ్బాలు మాత్రం వద్దు. వాటి పూత మందం, అందులోని సాల్వెంట్ ఘాటు, ఎడువార్డ్ లాంటి మంచి కంపెనీ కిట్ మీద ఉండే వెంట్రుకవాసి ప్యానెల్ గీతలన్నీ పూడిపోతాయి.

పెయింట్ రకాలు, మన వాతావరణం

ఇక్కడ విదేశీ వీడియోల సలహా సగమే పనికొస్తుంది. మన మే నెల ఎండకీ, విశాఖలోనో కాకినాడలోనో ఆగస్టు తేమకీ వాళ్ల గరాజ్‌కీ పొంతనే లేదు.

నీటి ఆధారంగా ఉండే అక్రిలిక్‌లలో వల్లేహో పేరు ముందు వినిపిస్తుంది. వాసన ఉండదు, అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న ఇంట్లో పగలే పని చేసుకోవచ్చు, బ్రష్‌కి చక్కగా లొంగుతుంది. బలహీనత ఏంటంటే ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకోదు, కింద ప్రైమర్ లేకపోతే మాస్కింగ్ టేప్ లాగినప్పుడు చర్మంలా ఊడొస్తుంది. ఎండాకాలంలో ఎయిర్‌బ్రష్ సూది కొన మీదే ఎండిపోయి మాటిమాటికీ మూసుకుపోతుంది, ఆరడం నెమ్మది చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపాల్సిందే.

తమియా ఎక్స్, ఎక్స్ఎఫ్ సీసాలూ, మిస్టర్ హాబీ ఏక్వియస్ సీసాలూ అక్రిలిక్కే గానీ ఆల్కహాల్ జాతి. ఎయిర్‌బ్రష్‌లో ఇవి వెన్నలా పడతాయి. బ్రష్‌తో వేస్తే మాత్రం రెండో పొర మొదటి పొరని కరిగించి లేపేస్తుంది, దాంతో చారలు మిగులుతాయి. తమియా సొంత థిన్నర్ దొరక్కపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తుంది. మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్‌తో పలచన చేస్తే అసలు ఆ పెయింటేనా అన్నంత నున్నగా వస్తుంది. నాకు బాగా ఇష్టమైన కలయిక ఇదే, బైసన్ బూడిద రంగుకి నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

లక్కర్, అంటే మిస్టర్ కలర్, తమియా ఎల్‌పీ, ఏకే రియల్ కలర్స్ లాంటివి. ప్లాస్టిక్‌ని పట్టుకుంటే వదలవు, నిమిషాల్లో ఎండుతాయి, టేప్‌కి భయపడవు. కామఫ్లాజ్‌లో ఒక రంగు మీద ఇంకో రంగు మాస్క్ చేసి వేసేవాళ్లకి ఇంత ధైర్యం ఇంకే పెయింటూ ఇవ్వదు. ఘాటు మాత్రం ఘాటే. గుడ్డ మాస్క్, ఎన్95 ఈ ఆవిరిని ఆపవు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గాలి కిటికీలోంచి బయటికి పోయే ఏర్పాటు కావాలి. ఈ రెండూ కుదరని ఇంట్లో లక్కర్ మాటే ఎత్తకండి, పక్క గదిలో నిద్రపోయేవాళ్ల ఊపిరి కూడా మన బాధ్యతే.

లక్కర్‌కి వానాకాలంతో ఇంకో పేచీ ఉంది. సాల్వెంట్ వేగంగా ఆవిరైనప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పేరుకుని పొర లోపలే చిక్కుకుపోతుంది, క్లియర్ కోట్ పాలు పోసినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది. తెల్లబడ్డాక కూడా అదే థిన్నర్ ఎక్కువగా కలిపిన పలచని తడి పొర ఒకటి కొడితే తరచూ పోతుంది. ముసురు పట్టిన రోజున గ్లాస్ (నిగనిగలాడే) కోట్ జోలికే పోకుండా ఉండడం ఇంకా మంచిది. నడి వేసవిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: చుక్క మోడల్‌ని చేరేలోపే ఆరిపోయి ఉపరితలం ఇసుక కాగితంలా తయారవుతుంది, అప్పుడు నాజిల్ దగ్గరికి తేవాలి, ప్రెషర్ 15 పీఎస్‌ఐ వరకు దించాలి, పొద్దున్నే పని ముగించాలి.

ఎనామెల్ గురించి ఒక్క మాట. హంబ్రాల్ డబ్బాలతో పెరిగినవాళ్లకి వాటి మీద మమకారం ఉంటుంది, బ్రష్‌కి ఇప్పటికీ బాగానే సాగుతాయి, కానీ ఆరడానికి రోజులు పడుతుంది, ఆ లోపు మన దుమ్మంతా దాని మీదే. వాష్‌లకి మాత్రం ఎనామెలే వాడండి, ఎందుకంటే అక్రిలిక్ లేదా లక్కర్ క్లియర్ మీద వేసి టర్పెంటైన్‌తో తుడిస్తే కింద పెయింట్ చెక్కుచెదరదు. ఎనామెల్ మీద లక్కర్ మాత్రం ఎప్పుడూ వేయకండి, పూత ముడతలు పడుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ కడగడానికి చవకా, మంచిదీ, అయితే పెయింట్‌లో కలపకండి, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

లోహపు ఫినిష్ ఎంచుకున్నవాళ్లకి దారి వేరు. ఆల్‌క్లాడ్ లోహపు పెయింట్ మెరుపుకి మించింది లేదు, కానీ మెరుపు రకాలకి కింద నిగనిగలాడే నల్లటి గ్లాస్ పొర ఉండాలి, ఆ నలుపులో లోపం ఉంటే లోహంలో అంతకు అంతా బయటపడుతుంది. వల్లేహో మెటల్ కలర్ నీటి ఆధారం అయినా ఆశ్చర్యపోయేంత బాగుంటుంది, వాసన లేదు, మిగ్-21కి కావలసిన ఆ కాస్త మందకొడి అల్యూమినియం ఛాయ సరిగ్గా ఇస్తుంది. అద్దపు మెరుపు అసలు విమానానికే లేదు కాబట్టి నా ఓటు వల్లేహోకే. ముక్కు కోన్‌కీ చక్రాలకీ పచ్చ రంగు మర్చిపోకండి, వెండి మిగ్‌కి ప్రాణం ఆ పచ్చలోనే ఉంటుంది.

డీకాల్స్: అసలు డబ్బు ఇక్కడ పెట్టండి

పెయింట్ ఎంత బాగున్నా చూసేవాళ్ల కన్ను మొదట రౌండెల్ (వాయుసేన గుండ్రటి గుర్తు) మీద పడుతుంది. మన కాషాయం, తెలుపు, పచ్చ. తెలుపు ఒక పక్కకి జరిగి అచ్చయిందా, కాషాయం మరీ ఎరుపెక్కిందా, ఇవి చూడకుండా షీట్ కొనకండి. ముదురు కామఫ్లాజ్ మీద వేసేటప్పుడు ఇంకోటి చూడాలి: పలచని కాషాయం కింద పచ్చ రంగు కనిపించి మట్టి రంగులోకి మారిపోతుంది. షీట్‌ని వెలుతురుకి పట్టుకుని చూస్తే ఎంత దట్టంగా అచ్చయిందో తెలిసిపోతుంది.

కిట్‌తో వచ్చేవి, విడిగా కొనేవి, మాస్క్ (ఆకారం కోసిన అంటుకునే కాగితం) పెట్టి రంగు వేసేవి, ఇలా మూడు దారులున్నాయి. కొత్త ఎడువార్డ్ కిట్‌లలో వచ్చేవి చాలా మంచివి, అన్ని మిగ్ స్టెన్సిల్స్ (విమానం ఒంటి మీది చిన్న చిన్న సూచనల రాతలు) ఉన్న పెద్ద షీట్ కూడా ఇస్తారు. కానీ అందులో మన వాయుసేన గుర్తులు ఉంటాయా లేదా అన్నది ఆ పెట్టెని బట్టి ఉంటుంది, చాలా పెట్టెల్లో ఉండవు. విడిగా కొనే షీట్లలో కావలసిన స్క్వాడ్రన్, కావలసిన సీరియల్ నంబర్ దొరుకుతాయి. అయితే కొన్నిటికి షీట్ అంతటా ఒకే ఫిల్మ్ ఉంటుంది, ప్రతి గుర్తునీ అంచు వెంబడి కొత్త బ్లేడుతో కోసుకోవాలి. అది తెలియక షీట్ మొత్తం నీళ్లలో ముంచితే అంతే సంగతులు.

మాస్క్‌లు వేరే లోకం. ఫిల్మ్ ఉండదు, అంచు కనపడదు, రౌండెల్ లోహం మీద అసలు విమానంలాగే పెయింట్‌గా కూర్చుంటుంది. వెండి ఫినిష్‌కి నేను గట్టిగా చెప్పేది ఇదే: రౌండెల్, తోక మీది మూడు రంగుల పట్టీ మాస్క్‌తో వేయండి, నంబర్లూ స్టెన్సిల్సూ డీకాల్‌గా పెట్టండి. మిల్లీమీటరు ఎత్తు లేని అక్షరాలకి మాస్క్ ఎవరూ కోయలేరు. కామఫ్లాజ్‌కీ బూడిద రంగుకీ మాస్క్‌ల అవసరం లేదు, అంత శ్రమ పడక్కర్లేదు.

ఎడువార్డ్ కొన్నేళ్లుగా సొంతంగా అచ్చు వేస్తున్న డీకాల్స్‌లో ఒక సౌకర్యం ఉంది. పెట్టి పూర్తిగా ఆరాక, ఎనామెల్ థిన్నర్ తడిపిన దూదిపుల్లతో అంచు మెల్లగా రుద్దితే పైనున్న ఫిల్మ్ లేస్తుంది, ట్వీజర్‌తో లాగేస్తే ఇంకు మాత్రమే మిగులుతుంది. స్టెన్సిల్స్ లోహం మీద పెట్టేవాళ్లకి ఇది పెద్ద వరం. పాత ఎడువార్డ్ షీట్లు బయట అచ్చువేయించినవి, వాటి ఫిల్మ్ ఇలా ఊడదు, ప్రయత్నించి పాడుచేసుకోకండి.

ఇక సెట్టింగ్ ద్రవాలు. మైక్రో సెట్, మిస్టర్ మార్క్ సెట్టర్ కింద వేసేవి, డీకాల్ జారడానికీ అతుక్కోవడానికీ. మైక్రో సాల్, మిస్టర్ మార్క్ సాఫ్టర్ పైన వేసేవి, మెత్తబరచడానికి. పలచని కొత్త డీకాల్స్‌కి మైక్రో జంట సరిపోతుంది, తొందరపడదు, తప్పు పెట్టినా జరుపుకునే సమయం ఇస్తుంది. మందంగా ఉండే పాత కిట్ డీకాల్స్‌కి సాల్వాసెట్ లాంటి ఘాటైనది కావాలి, కానీ అది అక్రిలిక్ క్లియర్‌ని కూడా కొరుకుతుంది. కాబట్టి ఘాటు ద్రవం వాడే ఆలోచన ఉంటే కింద గ్లాస్ కోట్ లక్కర్ అయి ఉండాలి, మిస్టర్ కలర్ జీఎక్స్100 లాంటిది. మెత్తని ద్రవంతో సరిపెట్టుకునేట్టయితే తమియా ఎక్స్-22 చాలు. ముందు డీకాల్, తర్వాత క్లియర్, ఆ తర్వాతే పెయింట్ ఎంచుకోవాలని మొదట్లో చెప్పింది ఇందుకే.

గ్లాస్ కోట్ ఎందుకు తప్పనిసరి అంటే, మ్యాట్ పెయింట్ దగ్గరగా చూస్తే గుట్టలూ గుంటలూ. డీకాల్ ఆ గుట్టల మీద పరుచుకుంటే గుంటల్లో గాలి ఉండిపోతుంది, వెలుతురు పడినప్పుడు ఆ గాలి వెండిలా తళుక్కుమంటుంది. ఆరాక అది కనపడితే సన్నని సూదితో అక్కడక్కడా గుచ్చి సాఫ్టర్ చుక్క వేస్తే కొంత నయమవుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

రెక్క మీద రౌండెల్ పెట్టే పద్ధతి చెబుతాను. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, బోరు నీళ్లు వద్దు, హైదరాబాద్‌లో చాలా చోట్ల ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక డీకాల్ చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది, ఆర్వో నీళ్లు వాడండి. కాసేపు ముంచి తీసి, కాగితం మీదే ఉంచి, వేలితో తాకితే జారేదాకా ఆగండి. రెక్క మీద సెట్టర్ రాసి, కాగితాన్ని ఆనించి డీకాల్‌ని బ్రష్‌తో జరపండి. ప్యానెల్ గీత రౌండెల్ కిందుగా ఎక్కడ పోతోందో ఫొటోలో చూసి సరిచేసుకున్నాకే దూదితో మధ్యలోంచి బయటికి నీళ్లు అద్దండి. ఇప్పుడు సాఫ్టర్. ఒక నిమిషంలో నున్నగా ఉన్న రౌండెల్ ఎండిన ఆకులా ముడతలు పడుతుంది, పాడైపోయిందని టెన్షన్ వస్తుంది. చెయ్యి పెట్టొద్దు. ఆ సమయంలో అది తడి కాగితం కన్నా మెత్తగా ఉంటుంది, తాకితే చిరుగుతుంది. ఆరేకొద్దీ ముడతలు తమంతట తామే లాక్కుని గీతల్లోకి, రివెట్లలోకి దిగిపోతాయి. ఇంకా గీత మీద టెంటులా లేచి ఉంటే అక్కడ బ్లేడు కొనతో మెల్లగా గీసి మళ్లీ ఒక చుక్క వేయండి.

స్టెన్సిల్స్ అన్నీ పెట్టాలా అంటే, 1/48 వెండి మిగ్‌కి పెట్టాలి, అవి లేకపోతే బోసిగా ఉంటుంది. 1/72 కామఫ్లాజ్‌కి కంటికి కనిపించేవి, అంటే కాక్‌పిట్ చుట్టూ, రెక్కల పైన ఉన్నవి చాలు, మిగతావి వదిలేసినా ఎవరూ అడగరు. ఒకే రోజు అన్నీ పెట్టేయకండి, ఒక పక్క ఆరాక రెండో పక్క మొదలుపెట్టండి, లేకపోతే పట్టుకున్న వేలికే సగం అంటుకుని వస్తాయి.

చివరి పూత

డీకాల్స్ ఆరి ఒక రోజు గడిచాక తడి గుడ్డతో జిగురు మరకలు తుడిచి, ఇంకో పలచని గ్లాస్ పొర వేసి, ఆ మీద వాష్ వేయండి. బూడిద రంగుకి నల్ల వాష్ వద్దు, గళ్ల నోటుబుక్కులా కనిపిస్తుంది, ముదురు బూడిద రంగు తీసుకోండి. వెండి మీద నలుపు గోధుమ కలిపినది నప్పుతుంది. బైసన్‌కి సెమీ గ్లాస్‌కీ మ్యాట్‌కీ మధ్యలో ఉండే పూత, కామఫ్లాజ్‌కి మ్యాట్. లోహానికి మ్యాట్ అసలు వేయకండి, డీకాల్స్ ఉన్నచోట మాత్రమే పలచగా క్లియర్ కొట్టి వదిలేయండి, మొత్తం కొడితే లోహం చచ్చి బూడిద పెయింట్ అయిపోతుంది.

బడ్జెట్ తక్కువైతే ఇలా పంచుకోండి: చవకైన 1/72 కిట్, రెండు మూడు తమియా బూడిద సీసాలు, ఒక ఎక్స్-22, మైక్రో సెట్, మైక్రో సాల్, మంచి డీకాల్ షీట్, అసలు తమియా మాస్కింగ్ టేప్. స్టేషనరీ షాపు టేప్ జిగురు ఎక్కువ, పెయింట్‌తో సహా వస్తుంది. పెయింట్, థిన్నర్ దేశంలోనే ఉన్న హాబీ షాపుల్లో కొనుక్కోండి, మండే ద్రవాలు కాబట్టి విదేశాల నుంచి విమానంలో పార్సిల్ రావడం కష్టం, డీకాల్ షీట్ అయితే మామూలు కవరులో వచ్చేస్తుంది. ముక్కు ముందు పొడుచుకొచ్చే పిటాట్ గొట్టం అన్నీ అయ్యాకే అతికించండి, ముందే పెడితే మాస్కింగ్ చేసేటప్పుడు కచ్చితంగా విరుగుతుంది.